పడటం చూశారా, పడి ఉండటం చూశారా? – కంటపడినదాన్ని ఇంగ్లీషులో ఎలా రాయాలి

నైట్‌డ్యూటీ (సోమవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్తే. నేను ఇంగ్లండ్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. వచ్చి ఏడాదిన్నర అయింది. పోయిన వారం జరిగిన ఒక విషయం మనసులోంచి పోవట్లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

తెల్లవారుజామున మూడు దాటింది. నేను మందుల చార్టు చూసుకుంటుంటే పక్క గదిలోంచి దబ్బుమని చప్పుడైంది. పరిగెత్తాను. కర్టెన్ లాగేసరికి పెద్దాయన మంచం పక్కన నేల మీద, ఎడమ వైపుకి తిరిగి పడి ఉన్నారు. వాకింగ్ ఫ్రేమ్ ఓ పక్కకి ఒరిగి ఉంది. ఒక చెప్పు మంచం కింద. డాక్టర్ వచ్చి చూశారు, దేవుడి దయ వల్ల ఎముకలేవీ విరగలేదు.

తర్వాత రిపోర్టులో ఇలా రాశాను: "సడన్లీ ఐ సా ద పేషెంట్ ఫెల్ డౌన్ ఫ్రమ్ ద బెడ్."

పొద్దున ఇన్‌చార్జ్ సిస్టర్ పిలిచి అడిగారు. మీరు ఆయన పడటం చూశారా? తల దేనికైనా తగిలిందా? మంచం మీంచి జారారా, నిలబడి పడ్డారా? నేను చూడలేదు సిస్టర్, వెళ్ళేసరికే పడి ఉన్నారు అన్నాను. "మరి చూశానని రాశారు కదా" అన్నారు. కోప్పడలేదు, మామూలుగానే అడిగారు. నాకు మాత్రం చెమటలు పట్టాయి.

మా పనిలో ఈ తేడా చిన్నది కాదు. ఎవరూ చూడనప్పుడు పడితే తలకి దెబ్బ తగల్లేదని ఎవరూ చెప్పలేరు. అందుకని న్యూరో అబ్జర్వేషన్స్ మొదలుపెడతాం. కనుపాపలు, స్పృహ, కాళ్ళూ చేతుల్లో బలం, అన్నీ పదే పదే చూస్తూ ఉండాలి. నేను వెంటనే మొదలుపెట్టాను కాబట్టి పెద్దాయనకి ఇబ్బంది రాలేదు. కానీ నా వాక్యం ఒక్కటే చదివినవాళ్ళు, నర్సు చూసింది కదా, తల తగిలి ఉంటే రాసేది కదా అనుకుని అవి ఆపేసి ఉంటే?

నా మనసులో ఉన్నది "పడిపోయి ఉండటం చూశాను" అనే. ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి అది ఎక్కడ మారిపోయింది? హఠాత్తుగా కంటపడినదాన్ని వాళ్ళు ఎలా చెప్తారు? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

పాతబడి_మాస్టారు (సోమవారం, రాత్రి 10:25)

అమ్మా, నేను ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పాను. ఈ ప్రశ్న పిల్లలెవరూ నన్ను అడగలేదు, నేనూ వాళ్ళకి ఇలా చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

మీ వాక్యంలో "సా" తర్వాత "ఫెల్" పెట్టారు. "సా"లోనే గతకాలం అయిపోయింది. ఆ తర్వాత మనిషీ, వెంటనే పనీ వస్తే, ఆ పని మాట మూలరూపంలో ఉండాలి. "ఐ సా ద పేషెంట్ ఫాల్." అంటే పడటం మొదలు నుంచి నేల తాకేదాకా మొత్తం నా కళ్ళ ముందే జరిగిందని. "ఫాల్" బదులు "ఫాలింగ్" అంటే పడుతుండగా చూశానని. మొదలు చూడకపోయి ఉండొచ్చు, చివర కూడా చూడకపోయి ఉండొచ్చు, మధ్యలో కంటపడిందంతే.

రోడ్డు దాటడం తీసుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది. "ఐ సా హిమ్ క్రాసింగ్ ద రోడ్" అన్నాక, "కానీ సగంలోనే వెనక్కి తిరిగాడు" అని చేర్చొచ్చు. "ఐ సా హిమ్ క్రాస్ ద రోడ్" అన్నాక అలా చేర్చలేం. అవతలి గట్టుకి చేరినట్టే.

మీరు చూసింది ఈ రెండూ కాదు. మీరు చూసింది ఫలితం, మనిషి నేల మీద ఉండటం. దానికి పని మాట వాడకూడదు, స్థితి చెప్పాలి. "ఐ సా ద పేషెంట్ లయింగ్ ఆన్ ద ఫ్లోర్." ఇంకా మంచిది "ఐ ఫౌండ్ ద పేషెంట్ ఆన్ ద ఫ్లోర్." ఈ "ఫౌండ్" అనే మాటలోనే "నేను వెళ్ళేసరికే అలా ఉంది" అనే భావం ఉంది.

ఇంకొకటి కూడా ఉంది. "ఐ సా దట్ ద పేషెంట్ హ్యాడ్ ఫాలెన్." మధ్యలో "దట్" రాగానే "సా" అంటే కంటితో చూడటం కాస్తా "గ్రహించాను" అయిపోతుంది. నేల మీద మనిషిని చూశారు, పడ్డారని మీరే అనుకున్నారు. మీ వాక్యం వ్యాకరణం ప్రకారం దీనికి దగ్గర. చదివేవాళ్ళకి వినిపించింది మొదటిది.

తెలుగులో ఈ నాలుగూ మనకి ఉన్నాయి చూడండి. పడటం చూశాను, పడుతుండగా చూశాను, పడి ఉండటం చూశాను, పడ్డట్టు చూడగానే తెలిసింది. తేడా మీకు తెలియక కాదమ్మా. తెలుగులో ఆ తేడా క్రియ చివర కూర్చుంటుంది, ఇంగ్లీషులో వాక్యం కట్టుబడిలో కూర్చుంటుంది. మీరు క్రియ ఒక్కదాన్నే మోసుకెళ్ళారు.

డీఎస్సీ_2_అటెంప్ట్ (సోమవారం, రాత్రి 10:50)

మాస్టారూ, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. పరీక్షల్లో "హి వాజ్ సీన్ టు ఎంటర్ ద హౌస్" అని వస్తుంది. అక్కడ "టు" ఎందుకు? "ఐ సా హిమ్ ఎంటర్" లో లేదు కదా.

పాతబడి_మాస్టారు (సోమవారం, రాత్రి 10:58)

కర్తని తీసేసి పాసివ్ చేస్తే "టు" వచ్చి చేరుతుంది నాయనా. "మేక్" కూడా అంతే. "షి మేడ్ మి క్రై", "ఐ వాజ్ మేడ్ టు క్రై". "ఎంటరింగ్" అయితే "టు" అక్కర్లేదు, "హి వాజ్ సీన్ ఎంటరింగ్" చాలు. పరీక్షకి ఇంతే గుర్తుపెట్టుకో.

గుమ్మంలో_పాము (సోమవారం, రాత్రి 11:30)

నేను తెలుగు కథలు ఇంగ్లీషులోకి అనువాదం చేస్తుంటాను. ఈ పేరు పెట్టుకున్నదే ఈ విషయం మీద ఉన్న ఇష్టంతో.

తెలుగులో "గుమ్మంలో పాము ఉంది" అన్నా, "పాము గుమ్మంలో ఉంది" అన్నా అవే మూడు మాటలు. కానీ మొదటిది విన్నవాడు ఎగిరి గంతేస్తాడు. రెండోది విన్నవాడు "ఓహో, ఇందాక కనిపించిన పామేనా, అక్కడికి పోయిందా" అంటాడు. మనకి మాటల వరసే చెప్పేస్తుంది ఏది కొత్తగా కంటపడిందో, ఏది ముందే తెలుసో. ఇంగ్లీషులో ఆ పని చేయడానికి వేరే సామాను కావాలి. మొదటిదానికి "దేర్ వాజ్ ఎ స్నేక్ ఆన్ ద డోర్‌స్టెప్." రెండోదానికి "ద స్నేక్ వాజ్ ఆన్ ద డోర్‌స్టెప్." ఒకదాంట్లో "దేర్", "ఎ" కలిసి వచ్చాయి. రెండోదాంట్లో "ద" వచ్చి కూర్చుంది.

మనవాళ్ళు చాలామంది "ఎ స్నేక్ వాజ్ ఆన్ ద డోర్‌స్టెప్" అని రాస్తారు. వ్యాకరణం తప్పు కాదు. కానీ ఇంగ్లీషు చెవికి అది ఇబ్బందిగా ఉంటుంది, ఎందుకంటే కొత్తగా వచ్చే వస్తువుని వాక్యం మొదట్లోనే పెట్టేశారు. కంటపడే వస్తువు వాక్యం చివర్న ఉంటేనే దానికి బలం. ఆ "దేర్" ముందు కూర్చుని పామునే వెనక్కి జరుపుతోంది. ఆ విషయంలో మన "గుమ్మంలో పాము"కీ దానికీ ఒకటే మర్మం.

ఇక నాకు ప్రాణమైనది "చూద్దును కదా". "తలుపు తీసి చూద్దును కదా, ఎదురుగా మా నాన్న!" ఈ వాక్యంలో రెండో సగానికి క్రియే లేదు. తలుపు తీశాక ఒక్క క్షణం ఊపిరి ఆగుతుంది, ఆ తర్వాత నాన్న. దీన్ని ఇంగ్లీషు చేయడానికి ఒక కథలో నేను రెండు రోజులు కూర్చున్నాను. మొదట "వెన్ ఐ ఓపెన్డ్ ద డోర్, ఐ సా మై ఫాదర్" అని రాశాను. అర్థం వచ్చింది, ప్రాణం పోయింది. అందులో "ఐ సా" అడ్డుపడుతోంది. చూసినవాడు ముందుకొచ్చి నిలబడ్డాడు, నాన్న వెనక్కి పోయాడు. చివరికి "ఐ ఓపెన్డ్ ద డోర్, అండ్ దేర్ వాజ్ మై ఫాదర్" అని పెట్టాను. చూడటం అనే మాటే లేదు. "అండ్ దేర్" అనగానే చదివేవాడి కళ్ళే గుమ్మంలోకి వెళ్ళిపోతాయి.

ఈ "దేర్" ఇందాకటి "దేర్" కాదని గమనించండి. ఇది వేలు పెట్టి చూపించే "అదిగో". అందుకే దీని తర్వాత "మై ఫాదర్" లాంటి తెలిసిన మనిషి రావచ్చు. ఇందాకటిదాని తర్వాత మామూలుగా కొత్త వస్తువే వస్తుంది.

ఓరుగల్లు_కోట (మంగళవారం, ఉదయం 6:15)

మా దిక్కు "కండ్లవడ్డది" అంటం. "తొవ్వల పోతాంటే పాము కండ్లవడ్డది." అంటే నేను చూసుడు కాదు, అదే వచ్చి నా కండ్లల్ల పడ్డది. తెలుగు అంతా ఇట్లనే కదా. నాకు కనిపించింది, నాకు అగపడింది, నాకు తారసపడ్డాడు. అన్నిట్లోనూ పాము కర్త, నేను "నాకు". ఇంగ్లీషు వాళ్ళు మాత్రం "ఐ సా", "ఐ నోటీస్డ్", "ఐ స్పాటెడ్". ప్రతిచోటా "ఐ". వాళ్ళ భాషలో మనిషే పెద్ద, మన భాషలో లోకం పెద్ద అనిపిస్తది నాకు.

గుమ్మంలో_పాము (మంగళవారం, ఉదయం 7:05)

ఓరుగల్లు గారూ, మీ "కండ్లవడ్డది" రాసి పెట్టుకున్నాను. కానీ చివరి మాట ఒప్పుకోలేను. ఇంగ్లీషులో కూడా వస్తువు కర్తగా ఉండే మాటలు బోలెడు. "ఎ రెడ్ సారీ కాట్ మై ఐ" అంటే చీరే నా చూపు లాక్కుంది. "ద టెంపుల్ టవర్ కేమ్ ఇంటు వ్యూ" అంటే గోపురమే వచ్చి కంటపడింది. మనకీ "నేను చూశాను" లేకపోలేదు. కాకపోతే మనకి అలవాటైన దారి ఇది, వాళ్ళకి అలవాటైన దారి అది. ఒక భాష మనుషుల స్వభావం అందులోంచి తీయడం తొందరపాటు అవుతుంది.

ఓరుగల్లు_కోట (మంగళవారం, ఉదయం 7:30)

సరే మేడం, స్వభావం మాట వాపసు తీసుకుంటున్న. అలవాటైన దారి అన్నది బాగుంది.

టెక్సాస్_ట్రక్కు (మంగళవారం, ఉదయం 8:45)

అలవాటైన దారి ఎక్కడ దెబ్బ తీస్తుందో నేను చెప్తాను. పదేళ్ళ కిందట రాత్రి హైవే మీద కారుకి జింక అడ్డమొచ్చింది. ఇక్కడ చలికాలం ముందు జింకలు బాగా రోడ్ల మీదకి వస్తాయి. బంపర్ పోయింది, నాకేమీ కాలేదు. ఇన్సూరెన్స్ ఫారంలో "సడన్లీ ఎ డీర్ వాజ్ అపియర్డ్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ మై కార్" అని రాశాను. ఫోన్ చేసినావిడ చాలా మర్యాదగా "అంటే ఎవరైనా దాన్ని అక్కడికి తెచ్చారా?" అని అడిగింది. ఆమెకి నిజంగానే అర్థం కాలేదు.

"అపియర్"కి పాసివ్ లేదని తర్వాత తెలిసింది. కానీ ఆ "వాజ్" నా చేత ఎవరు పెట్టించారు? నా అనుమానం మన "కనబడింది"లో ఉన్న "బడు" మీద. చేయబడింది, రాయబడింది, కనబడింది, మూడూ ఒకే అచ్చులో ఉన్నాయి. బళ్ళో "బడు" వస్తే పాసివ్ అని బట్టీ పట్టించారు.

ఆవిడే నా చేత సరిగ్గా చెప్పించింది: "ఎ డీర్ రాన్ అవుట్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ మి. ఐ డిడ్ నాట్ సీ ఇట్ అంటిల్ ఇట్ వాజ్ ఆన్ ద రోడ్." కనబడటం తీసేసి జింక ఏం చేసిందో చెప్పింది. నేను ఎప్పుడు చూశానో విడిగా చెప్పింది. ఫారంలో వాళ్ళకి కావాల్సింది ఆ రెండూ విడివిడిగా.

పాతబడి_మాస్టారు (మంగళవారం, ఉదయం 9:20)

"బడు" సంగతి బాగా పట్టారు. ఆ బట్టీ పట్టించినవాళ్ళలో నేనూ ఉన్నాను. "కనబడు", "వినబడు" పాసివ్‌లు కావని పిల్లలకి విడిగా చెప్పాలి. నేను కనబడితే నన్నెవరూ కనబరచనక్కర్లేదు.

మీరు చెప్పిన జింక వాక్యాన్ని ఇంకోలా కూడా కడతారు. "ఐ వాజ్ డ్రైవింగ్ హోమ్ వెన్ ఎ డీర్ రాన్ అవుట్." మామూలుగా "వెన్" తర్వాత తెలిసిన సంగతి పెడతాం, అసలు కబురు బయట ఉంటుంది. ఇక్కడ తారుమారు. నెమ్మదిగా సాగుతున్న పని ముందు, విరుచుకుపడ్డ కబురు "వెన్" వెనకాల. "వెన్ ఐ వాజ్ డ్రైవింగ్ హోమ్, ఎ డీర్ రాన్ అవుట్" కూడా తప్పు కాదు, కానీ అందులో ఉలికిపాటు తక్కువ. మన "ఇంటికొస్తుంటే జింక అడ్డమొచ్చింది"లో ఆ ఇబ్బందే లేదు, కబురు ఎప్పుడూ చివరే.

డీఎస్సీ_2_అటెంప్ట్ (మంగళవారం, ఉదయం 11:10)

మాస్టారూ, ఇంకో సందేహం. "తలుపు తీసి చూస్తే ఎవరూ లేరు" అనేదాన్ని మా ఫ్రెండ్ "ఇఫ్ ఐ ఓపెన్ ద డోర్ అండ్ సీ, నోబడీ ఈజ్ దేర్" అని రాశాడు. తప్పని తెలుసు, ఎందుకో వివరించలేకపోయాను.

గుమ్మంలో_పాము (మంగళవారం, మధ్యాహ్నం 12:40)

మాస్టారు భోజనానికి వెళ్ళినట్టున్నారు, నేను చెప్తాను. "చూస్తే"లో ఉన్న "తే" రెండు పనులు చేస్తుంది. "వానొస్తే వెళ్ళను" అన్నప్పుడు షరతు. "చూస్తే ఎవరూ లేరు" అన్నప్పుడు షరతు కాదు, నిజంగా చూశాను, అప్పుడు తెలిసింది. ఇంగ్లీషు "ఇఫ్"కి మొదటి పనే తెలుసు. రెండోదానికి వాళ్ళు "టు ఫైండ్" వాడతారు: "ఐ ఓపెన్డ్ ద డోర్ టు ఫైండ్ నో వన్ దేర్." ఇందులో "టు" చూసి, కనుక్కోవడం కోసం తలుపు తీశాడనుకోకూడదు. తీశాడు, తీరా చూస్తే ఎవరూ లేరు. అంతే.

ఇదే "చూడగా" పాత తెలుగులో ఎంత అందంగా పనిచేసిందో బైబిల్లో చూడొచ్చు. 1611 నాటి ఇంగ్లీషు అనువాదంలో అబ్రాహాము కళ్ళెత్తి చూసినప్పుడు "బెహోల్డ్" అనే మాట వస్తుంది, దాని వెంటే పొదలో కొమ్ములు చిక్కుకున్న పొట్టేలు. ఆ "బెహోల్డ్" చదివేవాడి భుజం తట్టి చూపిస్తుంది. తెలుగు బైబిల్లో ఇలాంటి చోట్ల "ఇదిగో" చాలాసార్లు కనిపిస్తుంది. కానీ ఈ చోట "కన్నులెత్తి చూడగా" అని మొదలై పొట్టేలు "కనబడెను" అని ముగుస్తుంది. భుజం తట్టే పని "చూడగా", "కనబడెను" రెండూ పంచుకున్నాయి. అనువాదం అంటే ఇదీ అనిపిస్తుంది నాకు.

క్షణం_క్రియ (మంగళవారం, సాయంత్రం 5:30)

నేను భాషాశాస్త్రం చదువుతున్నాను. ఇందాక ఓరుగల్లు గారు "స్పాటెడ్", "నోటీస్డ్" అన్నారు, దాని గురించి ఒక మాట. 1957లో జెనో వెండ్లర్ అనే తత్వవేత్త క్రియలు కాలాన్ని ఎలా ఇముడ్చుకుంటాయో చూపిస్తూ వాటిని నాలుగు రకాలు చేశాడు. అందులో ఒక రకం క్షణంలో ముగిసేవి. "స్పాట్", "ఫైండ్", "రెకగ్నైజ్" ఆ రకం. "అయిదు నిమిషాలు స్పాట్ చేశాను" అనలేం. "వాచ్" అలా కాదు, అయిదు నిమిషాలు వాచ్ చేయొచ్చు. "సీ" మాత్రం రెండు వైపులా ఉంటుంది. కంటపడిన క్షణానికి "ఐ సా", ఆ తర్వాత కళ్ళ ముందు నిలిచి ఉన్నదానికి "ఐ కుడ్ సీ". "ఐ వాజ్ సీయింగ్" అనడం ఇక్కడ కుదరదు, మనవాళ్ళు "చూస్తున్నాను"ని అలా మార్చేస్తారు.

నైట్‌డ్యూటీ గారికి పనికొచ్చేది ఇంకొకటి. "సడన్లీ" ఎవరిది? మీ వాక్యంలో ఆ హఠాత్తు మీది. కర్టెన్ లాగారు, గుండె ఝల్లుమంది. కానీ పెద్దాయన అప్పటికే నేల మీద ఉన్నారు, ఆయన విషయంలో అక్కడ హఠాత్తుగా ఏదీ జరగలేదు. అదే "ద పేషెంట్ సడన్లీ ఫెల్" అని రాస్తే, కళ్ళు తిరిగో స్పృహ తప్పో ఉన్నట్టుండి కూలిపోయారని డాక్టర్ అనుకోవచ్చు.

నైట్‌డ్యూటీ (మంగళవారం, రాత్రి 8:15)

క్షణం గారూ, ఆ చివరి మాటకి ఒళ్ళు గగుర్పొడిచింది. ఎందుకంటే మాకు అదీ వేరే దారే. ఉన్నట్టుండి కూలిపోతే గుండె, బీపీ అన్నీ ఆ వైపు నుంచి చూస్తారు. ఒక్క మాట చోటు మారితే అంత మారుతుంది.

మీరందరూ చెప్పింది రెండుసార్లు చదివాను. ఆ రాత్రి నిజంగా నా కంటికీ చెవికీ అందినవి ఏవి, నేను ఊహించుకున్నవి ఏవి అని విడదీసుకున్నాను. చప్పుడు విన్నాను. ఆయన్ని నేల మీద చూశాను. ఫ్రేమ్ చూశాను. పడటం చూడలేదు. "ఫ్రమ్ ద బెడ్" అని రాశానే, అదీ నేను చూడలేదు. బాత్రూంకి వెళ్ళి వస్తూ కూడా పడి ఉండొచ్చు. ఆ మాట ఎంత ధైర్యంగా రాసేశానో.

ఈసారి ఇలాంటిది జరిగితే ఇలా రాస్తాను, తప్పులుంటే చెప్పండి:

"ఎట్ 3:10 ఐ హర్డ్ ఎ లౌడ్ థడ్. ఐ వెంట్ ఇన్ అండ్ ఫౌండ్ ద పేషెంట్ లయింగ్ ఆన్ హిజ్ లెఫ్ట్ సైడ్ ఆన్ ద ఫ్లోర్ బిసైడ్ హిజ్ బెడ్. హిజ్ వాకింగ్ ఫ్రేమ్ హ్యాడ్ ఫాలెన్ ఓవర్. ఐ డిడ్ నాట్ సీ హిమ్ ఫాల్."

టెక్సాస్_ట్రక్కు (మంగళవారం, రాత్రి 8:40)

చివరి వాక్యం చూడండి ఎంత శుభ్రంగా ఉందో. నా ఫారం కూడా మీరే రాసి ఉండాల్సింది అమ్మా.

పాతబడి_మాస్టారు (మంగళవారం, రాత్రి 9:05)

చాలా బాగుందమ్మా. "సీ హిమ్ ఫాల్" సరిగ్గా పడింది. ఒక్క చోట మాత్రం ఆగాను. "ఫ్రేమ్ హ్యాడ్ ఫాలెన్ ఓవర్" అన్నారు. అది పడటం మీరు చూశారా?

నైట్‌డ్యూటీ (మంగళవారం, రాత్రి 9:12)

లేదు మాస్టారూ. పడి ఉండటం చూశాను. "వాజ్ లయింగ్ ఆన్ ఇట్స్ సైడ్" అని మార్చాను.